విడువు అని ఎవరన్నారు?

"మార్చి పద్దెనిమిది. ఉదయం పది గంటల పద్నాలుగు నిమిషాలు. కుడి చేయి, విడువు. ఎడమ చేయి, విడువు."

విచారణ అధికారి కాగితం బల్ల మీద పెట్టి కళ్ళద్దాలు తీశాడు. "ఇది మీ చేతుల్ని నడిపే యంత్రం రాసుకున్నదమ్మా. మీ బుర్రలో అనుకుంటేనే గాని ఈ మాట ఇందులోకి రాదని జీవసేతు కేంద్రం వాళ్ళు రాసిచ్చారు."

హైమ లేచిన జోరుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. "నేనలా అనుకోలేదండీ. నాలుగు నెలల పిల్లని నేలకేసి వదిలీమని ఏ తల్లైనా అనుకుంటదేటి? నేను పట్టుకునే ఉన్నాను. నా చేతులే వదిలీసాయి!"

"చేతులు వాటంతట అవి వదలవు కదమ్మా."

గదికి ఆ చివర ఆమె భర్త దాలినాయుడు తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన అతని తల్లి, ఆమె ఒళ్ళో పాప జాహ్నవి. ఆ రోజు పడ్డప్పుడు పాపకి భుజం దగ్గర ఎముక విరిగింది. ఇప్పుడు అతుక్కుంది. హైమ అటువైపు ఒక్క అడుగు వేసిందో లేదో, అత్తగారు పాపని కొంగు చాటుకి లాక్కుంది. విచారణ తేలేదాకా పాప తండ్రి దగ్గరే ఉండాలని, తల్లి ముట్టుకోకూడదని ఉత్తర్వు. ఆఖరి విచారణ మే నెలాఖరుకి వాయిదా పడింది.

హైమ పక్కన నిలబడ్డ అక్క సత్యవేణికి ఒళ్ళు మండిపోయింది. అధికారి మీద కాదు. మరిది మీద కూడా కాదు. ఆ కాగితం అడుగున, యంత్రం ఆ రోజు సవ్యంగానే పనిచేసిందని ధ్రువీకరిస్తూ ఒక సంతకం ఉంది. అది తనదే.

సత్యవేణి విశాఖలోని జీవసేతు కేంద్రంలో సర్వర్ చూసుకునే టెక్నీషియను. మెడ దగ్గర నరాలు తెగి చేతులో కాళ్ళో చచ్చుబడిపోయిన వాళ్ళ తలలో అక్కడ చింతగింజంత పరికరం అమరుస్తారు. మనిషి చెయ్యెత్తాలనుకుంటే ఆ పరికరం పసిగట్టి కేంద్రంలో ఉన్న సర్వర్‌కి కబురు పంపుతుంది. సర్వర్ ఆ కబురుని కండరాలకు అర్థమయ్యే ఆజ్ఞగా మార్చి, చేతిలో కుట్టిన తీగలకు తిప్పి పంపుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. ముప్ఫై ఒక్కమంది ఆ ఒక్క సర్వర్ మీద ఆధారపడి అన్నం కలుపుకుంటున్నారు, మెట్లెక్కుతున్నారు, గుండీలు పెట్టుకుంటున్నారు.

రెండేళ్ళ కిందట ఘాట్ రోడ్డులో బస్సు బోల్తా పడి హైమ రెండు చేతులూ చచ్చుబడిపోయినప్పుడు, డాక్టర్ కుముదినిని కాళ్ళావేళ్ళా పడి బతిమాలి చెల్లెలి పేరు జాబితాలో చేర్పించింది సత్యవేణే. జీవసేతుని కనిపెట్టిందీ, ఆ కేంద్రాన్ని నడిపేదీ కుముదినిగారే. చేతులు వచ్చిన రోజున హైమ మొదట చేసిన పని తన జడ తను వేసుకోవడం. మూడుసార్లు విప్పి, మూడుసార్లు వేసుకుంది. ఆ మర్నాడు సత్యవేణి డాక్టరుగారికి పూలదండ తీసుకెళ్ళింది.

విచారణ నుంచి అక్కాచెల్లెళ్ళు సత్యవేణి ఇంటికొచ్చారు. రెండు నెలలుగా హైమ అక్కడే ఉంటోంది. సత్యవేణి అన్నం వడ్డిస్తే ముట్టుకోలేదు.

"అప్పా, ఆ సంతకం నువ్వెందుకు పెట్టావు?"

"రోజూ పెడతానే. పొద్దున్న ఎనిమిదింటికి సర్వర్ తనని తాను పరీక్ష చేసుకుంటది. అంతా సవ్యం అని తెర మీద వస్తది. నేను సంతకం పెడతాను. అదే నా డ్యూటీ."

"అంటే, నువ్వు బాగున్నావా అని దాన్నే అడుగుతావు. బాగున్నానని అదే చెప్తాది. దాని మాట మీద సంతకం పెడతావు." హైమ కంచం పక్కకి జరిపింది. "నన్నడిగితే నేనూ చెప్పాను కదా. పట్టుకునే ఉన్నానని చెప్పాను కదా. నా మాట మీద ఒక్కరైనా సంతకం పెట్టారా?"

సత్యవేణి గరిటె కింద పెట్టింది. పదిహేనేళ్ళుగా యంత్రాలతో పనిచేస్తున్న మనిషికి తట్టవలసిన ప్రశ్న అది. తట్టలేదు. చెల్లెలు అడగాల్సి వచ్చింది.

మర్నాడు ఆమె కేంద్రంలో ఫిర్యాదుల ఫైలు బయటికి లాగింది. మూడు నెలల్లో హైమది కాక ఆరు ఫిర్యాదులున్నాయి. ఒకాయన చేతిలోంచి వేడి సాంబారు గిన్నె జారి తొడ కాలింది. ఒకమ్మాయికి మెట్టు మీద కాలు ఆగిపోయింది. క్రేన్ ఆపరేటరుగా పనిచేసి ప్రమాదంలో మెడ విరిగిన చినసూరయ్యకి ఊపిరి పీల్చే కండరాలు కూడా ఈ సర్వరే నడుపుతుంది. ఆయన భార్య రాయించింది: "ఊపిరి ఒక్క క్షణం ఆగిపోయినట్టయింది, రెండుసార్లు." ప్రతి ఫిర్యాదు పక్కనా డాక్టర్ కుముదిని చేతిరాతలో ఒకటే వాక్యం. ఏకాగ్రత లోపం, వ్యాయామం పెంచాలి.

సత్యవేణి వేళలు చూసింది. అన్నీ ఉదయం పదికీ పదకొండున్నరకీ మధ్యే.

ఫైలు పట్టుకుని నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది.

"మేడం, సర్వర్ ఆపాలి. వేరే డిస్క్ నుంచి స్టార్ట్ చేసి హార్డ్‌వేర్ మొత్తం పరీక్షించాలి."

కుముదిని తలెత్తలేదు. "రోజూ పరీక్ష అవుతూనే ఉందిగా."

"ఆ పరీక్ష ప్రోగ్రాం కూడా అదే డిస్క్ నుంచి లేస్తుంది, అదే మెమరీలో కూర్చుంటుంది. తను కూర్చున్న చోటు బాగుందో లేదో అదెలా చూడగలదు? బయటి డిస్క్ మీద ఉన్న చిన్న పరీక్ష ప్రోగ్రాంతో లేపితే, మిగతా మెమరీ అంతా ఖాళీగా ఉంటుంది. ప్రతి గడిలో ఒకటి రాసి, సున్నా రాసి, రాసింది రాసినట్టే ఉందో లేదో చూడొచ్చు."

"ఎంతసేపు పడుతుంది?"

"మూడు గంటలు."

"మూడు గంటలు ముప్ఫై ఒక్కమంది కాళ్ళూ చేతులూ పడేసుకుని ఉంటారా? సూరయ్యగారి ఊపిరి సంగతి?"

"రెండో సర్వర్ ఉంటే ఈ బాధ ఉండేది కాదు. విజయవాడలో కొత్త కేంద్రం ప్రారంభోత్సవానికి మీరే పంపించేశారు. తిరిగి రాలేదు."

అప్పుడు కుముదిని కళ్ళెత్తి చూసింది. "పదకొండేళ్ళు నేను ఇల్లూ వాకిలీ లేకుండా ఈ గదిలో బతికాను సత్యవేణీ. యంత్రంలో తప్పుందన్న పుకారు ఒక్కటి బయటికి పొక్కితే కొత్త కేంద్రాలకి అనుమతి ఆగిపోతుంది. చేతుల కోసం నాలుగు వందల మంది వరసలో ఉన్నారు. నీ చెల్లెలు ఒక్కదాని కోసం వాళ్ళందరి చేతులూ నరకమంటావా?"

"ఒక్కర్తి కాదు మేడం. ఏడుగురు."

"మనుషులు తప్పు చేస్తారు. చేసి యంత్రం మీదకి నెడతారు. ఆ సర్వర్ మీద చెయ్యేస్తే నీ ఉద్యోగం ఉండదు. వెళ్ళు."

సత్యవేణి వెళ్ళింది. అయితే తన సీటుకి కాదు. ఆ వారమంతా సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగింది. చెల్లెలు కాక ముప్ఫై ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ ఒకటే చెప్పింది: యంత్రంలో తప్పు ఉందని నేను అనుకుంటున్నాను, రుజువు లేదు, చూడాలంటే మీ చేతులూ కాళ్ళూ మూడు గంటలు నాకివ్వాలి.

ఇద్దరు తలుపు వేసేసుకున్నారు. మూడో రోజు వాళ్ళే ఫోన్ చేశారు.

చినసూరయ్య ఇంటికి ఆఖరున వెళ్ళింది. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. ఆయనే మంచం మీంచి అడిగాడు.

"ఆపితే నాను ఊపిరాడక పోతానేటమ్మా?"

"నర్సు సువార్త పక్కనే ఉంటుంది బాబూ. రబ్బరు సంచితో చేత్తో నొక్కి ఊపిరి కొడతారు. కానీ మూడు గంటలు. భయం లేదని చెప్పలేను."

ఆయన భార్య లక్ష్మీకాంతం గుమ్మం దగ్గర్నుంచి గయ్యిమంది. "వొద్దు! ఈ మనిషి మీదేనేటి మీ పరీక్షలు?"

"నువ్వూరుకోయే," అన్నాడు సూరయ్య. "రెండుసార్లు ఆగింది నా ఊపిరే. చెప్తే ఏటన్నారు? ఏకాగ్రత లేదన్నారు. నలభయ్యేళ్ళు క్రేన్ నడిపినోణ్ణి, కేబులు తెగతాదని చెప్తే భయపడతన్నావు అన్నోడు లేడు ఆ ఫ్యాక్టరీలో. ముందు క్రేన్ ఆపీవోరు, తరవాత అడిగీవోరు." ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. "ఆపమ్మా. నాను వస్తాను."

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి ముప్ఫై ఒక్కమందీ కేంద్రానికి వచ్చారు. వాళ్ళతో ఇంటివాళ్ళు, చాపలు, దుప్పట్లు, మంచినీళ్ళు. హాలులో పడుకోమంటే హైమ వినలేదు. సర్వర్ గది ముందున్న పొడుగాటి వరండాలో, తలుపుకి అడ్డంగా చాప పరిచింది.

"మధ్యలో ఎవరైనా వచ్చి ఆన్ చెయ్యాలంటే మమ్మల్ని తొక్కుకుంటూ వెళ్ళాలి," అంది.

ఒకరి తరవాత ఒకరు ఆమె పక్కన చాపలు పరిచారు. వరండా నిండిపోయింది. తలుపుకి దగ్గరగా సూరయ్యని పడుకోబెట్టారు. సువార్త ఆయన ముఖానికి మాస్కు బిగించి, సంచి ఒకసారి నొక్కి చూసుకుని తల ఊపింది.

సత్యవేణి సర్వర్ ఆపేసింది.

వరండాలో ఏ అరుపూ వినపడలేదు. ఎత్తిన చేతులు చాపల మీద వాలాయి, అంతే. హైమ వేళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. సూరయ్య ఛాతీ ఆగింది. సువార్త సంచి నొక్కింది. ఛాతీ లేచింది. లక్ష్మీకాంతం భర్త తల ఒళ్ళో పెట్టుకుని, పైకే లెక్కపెట్టడం మొదలెట్టింది.

సత్యవేణి బయటి డిస్క్ తగిలించింది. స్టార్ట్ బటన్ నొక్కి, తెర వెలగగానే కీ నొక్కి పట్టుకుని, అసలు డిస్క్‌ని పక్కన పెట్టి దీని నుంచి లేవమని చెప్పింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నడిచాయి. పదహారు మెమరీ కార్డులు. మొదటి కార్డు, మొదటి గడి.

తొమ్మిదిన్నరకి కుముదిని వచ్చింది. వెనక ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు. వరండా మొదట్లోనే ఆగిపోయింది.

"ఎవరిచ్చారు మీకు ఈ ధైర్యం? సత్యవేణీ! ఆన్ చెయ్యి!"

"ఆవిడ చెయ్యదు," అంది హైమ కిందనుంచి. "కావాలంటే మీరు రండి. నా మీద అడుగేసి రండి."

సెక్యూరిటీ వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరూ కదలలేదు. కుముదిని గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె కళ్ళు సూరయ్య ఛాతీ మీదే ఉన్నాయి.

పదకొండున్నర దాటింది. సంచి సువార్త చేతుల్లోంచి సూరయ్య కొడుకు చేతుల్లోకి, అక్కణ్ణుంచి ఎవరి భార్యో ఒకావిడ చేతుల్లోకి మారింది. తెర మీద ఆఖరి కార్డు అయిపోయింది.

తప్పులు: సున్నా.

సత్యవేణి ఆ అంకెని రెండుసార్లు చదివి తలుపు వైపు తిరిగింది. తెర చూడకపోయినా ఆమె ముఖం చూసి కుముదినికి తెలిసిపోయింది.

"అయిందా? ఇప్పటికైనా వాళ్ళని లేవనిస్తావా?"

వరండాలో గుసగుసలు లేచాయి. సాంబారు ఒలికినాయన కళ్ళు మూసుకున్నాడు. హైమ మాత్రం పైకప్పుకేసి చూస్తూ అంది, "అప్పా, నేను అబద్ధం చెప్పట్లేదు."

సత్యవేణి సర్వర్ గదిలో ఒంటరిగా నిలబడింది. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఏసీ పూర్తి జోరు మీద ఉంది. ఎదుట సర్వర్ చల్లగా, ఏ పనీ లేకుండా తీరిగ్గా ఉంది. ఒక్కసారి ఆమెకి వేళలు గుర్తొచ్చాయి. పదికీ పదకొండున్నరకీ మధ్య. ముప్ఫై ఒక్కమంది స్నానాలు, వంటలు, ఆఫీసులు ఒక్కసారే మొదలయ్యే వేళ. సర్వర్ కాగిపోయే వేళ.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"రోజూ ఆ టైముకి సర్వర్ వేడెక్కుతుంది. ఇప్పుడు చల్లగా ఉంది. ఏసీ ఆపేసి, వేడెక్కించి మళ్ళీ చూడాలి. ఇంకో గంట." ఆమె సూరయ్య పక్కన కూర్చుంది. "బాబూ, ఒద్దంటే ఇప్పుడే ఆన్ చేసేస్తాను. ఒప్పుకుంటే రెండుసార్లు రెప్ప వెయ్యండి."

మాస్కు పైన ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లక్ష్మీకాంతం చీర చెంగు పళ్ళ మధ్య బిగించి భర్తనే చూస్తోంది. ఆయన ఒకసారి రెప్ప వేశాడు. ఆగి, రెండోసారి వేశాడు.

ఏసీ ఆగింది. గది ఉడికిపోయింది. సత్యవేణి చెమట కార్చుకుంటూ తెర ముందు నిలబడింది. ముప్ఫై నిమిషాలు ఏమీ లేదు. నలభయ్యో నిమిషంలో పదకొండో కార్డు దగ్గర ఒక ఎర్ర గీత పడింది. ఒకటి అని రాసిన గడిలో సున్నా ఉంది. ఇంకో గీత. ఆ తరవాత వరసగా, తెర కింది దాకా.

పట్టుకో అన్నదానికి ఆ యంత్రంలో ఒకటి. విడువు అన్నదానికి సున్నా.

ఆమె అక్కడితో ఆగలేదు. బయటి డిస్క్ మీద నడుస్తూ ఉండగానే అసలు డిస్క్‌ని తెరిచి చదివింది. తను నడుస్తున్నప్పుడు అది చూపించని ఫైళ్ళన్నీ ఇప్పుడు కనపడ్డాయి. వాటిలో ఒక వాక్యం ఉంది: మెమరీ హెచ్చరికలు నమోదు చేయవద్దు. దాని పక్కన జనవరి నాటి తేదీ, మార్చిన వారి పేరు.

సత్యవేణి పదకొండో కార్డు పీకేసి, మిగతా పదిహేనింటితో సర్వర్‌ని మామూలు డిస్క్ నుంచి లేపింది. సూరయ్య ఛాతీ దానంతట అది లేచినప్పుడు లక్ష్మీకాంతం ఏడుస్తూ ఆయన నుదుటి మీద కొట్టింది. హైమ వేళ్ళు ముడుచుకున్నాయి. ఎవరూ చాపల మీంచి లేవలేదు. అందరూ సత్యవేణి చేతిలో ఉన్న పచ్చటి ముక్కనే చూస్తున్నారు.

ఆమె దాన్ని కుముదిని ముఖం ముందు పెట్టింది.

"హెచ్చరికలు ఆపించింది మీరే. జనవరిలో. మీ పేరుంది."

కుముదిని ఆ కార్డు అందుకోలేదు. "రోజుకి ఒకటో రెండో వచ్చేవి," అంది. "కోట్ల ఆజ్ఞల్లో ఒకటి. ఎర్ర దీపం చూస్తే అందరూ భయపడతారని... కొత్త మెమరీ వచ్చేదాకా అనుకున్నాను. తరవాత ప్రారంభోత్సవం పనిలో పడ్డాను."

"కోట్లలో ఆ ఒక్కటీ మా పాప అండీ!" హైమ లేచి నిలబడింది. "పాప పడ్డాక కూడా తెలీదా? నాకు పిచ్చి పట్టిందని, నేనే పడేశానని రాసిస్తున్నప్పుడు కూడా తెలీదా?"

"తెలుసు," అంది కుముదిని. అంత చిన్నగా అంది గాని వరండా అంతా వినపడింది.

హైమ చెయ్యెత్తింది. కొడుతుందనుకున్నారు అందరూ. కొట్టలేదు. ఆ చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉంది. తరవాత దించుకుని, వెళ్ళి సూరయ్యకి మంచినీళ్ళు పట్టింది.

సత్యవేణి ఆ సాయంత్రమే రెండు కాగితాలు రాసింది. ఒకటి పరీక్ష ఫలితం. రెండోది, మార్చి పద్దెనిమిదిన తను పెట్టిన సంతకం తప్పని, చూడకుండా పెట్టానని. రెండోది రాయడానికే ఎక్కువసేపు పట్టింది. దాన్ని బట్టే తనని ఉద్యోగంలోంచి తీసేస్తారని ఆమెకి తెలుసు. తీసేశారు కూడా, కుముదినిని తప్పించడానికి రెండు రోజుల ముందే.

మే నెలాఖరున విచారణ పది నిమిషాల్లో అయిపోయింది. అధికారి రెండు కాగితాలూ చదివి, పాపని తల్లికి అప్పగించమని రాసి సంతకం పెట్టాడు.

బయట మెట్ల దగ్గర దాలినాయుడు పాపని ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

"హైమా, నన్ను క్షమించు. ఆ కాగితంలో అలా రాసుంటే... ఎవరైనా ఏటి చేస్తారు? ఇప్పుడు పరీక్షలో తేలింది కదా, నీ తప్పు లేదని. నమ్ముతున్నాను. ఇంటికి పోదాం, రా."

"అప్పుడు యంత్రం చెప్పిందని నన్ను నమ్మలేదు," అంది హైమ. "ఇప్పుడు ఇంకో డిస్క్ చెప్పిందని నమ్ముతున్నావు. ఆ మధ్యలో నేను రెండు నెలలు చెప్పాను దాలీ. నీ కాళ్ళ మీద పడి చెప్పాను. నా మాట ఎప్పుడు నమ్ముతావు?"

అతను చేతుల్లోని పాపకేసి చూశాడు.

హైమ చేతులు చాపి పాపని అందుకుంది. ఆరు నెలల పిల్ల. రెండు నెలల్లో బరువెక్కింది. తల్లి ముఖంకేసి ఒక్క క్షణం వింతగా చూసి, పెదవి విరిచి, గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. ఒంటిని విల్లులా వెనక్కి వంచి నాయనమ్మ వైపు చేతులు చాపింది.

అత్తగారు గబగబా ముందుకొచ్చింది. "కొత్త కదమ్మా, భయపడతంది. ఇలాగియ్యి, ఊరుకోబెట్టి ఇస్తాను."

"వద్దండి."

"బిడ్డ అంతలా ఏడుస్తుంటే..."

"ఏడవనీండి," అంది హైమ, పాపని భుజానికి అదుముకుంటూ. ఆమె ముఖం నిండా కోపమే గాని, పాప వీపు మీద ఉన్న చెయ్యి మాత్రం మెత్తగా, ఆగకుండా కదులుతూనే ఉంది. "నన్ను మరిచిపోయేలా చేశారు. దానికి ఏ పరీక్షా లేదు. ఏడ్చి ఏడ్చి మళ్ళీ నేర్చుకుంటాది."

పాప ఏడుస్తూనే ఉంది. హైమ మెట్లు దిగి, అక్క పక్కన ఎండలో నడవడం మొదలెట్టింది.